కోట్ల రూపాయల ఎస్‌యూవీలు చివరికి ఎలా పోతాయో తెలుసా?

ఈ ఎపిసోడ్‌లో కారు రివ్యూ ఏమీ లేదు. మైలేజ్ ఎంత, బూట్ స్పేస్ ఎంత, సన్‌రూఫ్ ఉందా లేదా, ఇవి చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు. నేను చెప్పబోయేది దానికి పూర్తిగా రివర్స్. లగ్జరీ ఎస్‌యూవీ మన జీవితంలోకి ఎలా వస్తుందో అందరికీ తెలుసు. షోరూమ్‌లో రిబ్బన్, తాళంచెవి పట్టుకుని ఫ్యామిలీ ఫొటో, గుడి దగ్గర కొబ్బరికాయ, టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు. మరి అది ఎలా పోతుంది? దాని ఆఖరి రోజు ఎలా ఉంటుంది? దీని మీద చదవడం మొదలుపెట్టాక నాకు నిద్ర పట్టలేదు, నిజంగా. ఎందుకంటే ఇందులో సముద్రం ఉంది, సైన్యం ఉంది, ఒక దేశాధ్యక్షుడు ఉన్నాడు, కొంచెం సాఫ్ట్‌వేర్ కూడా ఉంది. చివర్లో మన హైదరాబాద్ సెకండ్ హ్యాండ్ మార్కెట్ కూడా ఉంది. అందుకే చివరిదాకా ఉండండి.

ముందు పేలుడుతో మొదలుపెడదాం.

2004లో ఇరాక్‌లో, బాకూబా అనే ఊరి దగ్గర, అమెరికా సైనికులు ఒక బండిలో పేలుడు పదార్థాలు పెట్టి పేల్చేశారు. కారు బాంబు పేలితే ప్రభావం ఎలా ఉంటుందో చూడటానికి చేసిన పరీక్ష అది. ఇందులో వింతేముంది అంటారా? ఆ బండి లంబోర్గినీ. సద్దాం హుస్సేన్ పెద్దకొడుకు ఉదయ్ హుస్సేన్‌ది. ఉదయ్ అంతకుముందు ఏడాది, 2003 జులైలో, మోసుల్‌లో జరిగిన దాడిలో చనిపోయాడు. అతని బండ్లు సైన్యం చేతికి చిక్కాయి. అందులో ఒకటి లంబోర్గినీ ఎల్ఎం002.

ఈ ఎల్ఎం002 గురించి కాస్త ఆగి చెప్పుకోవాలి, ఎందుకంటే దీని కథ తెలిస్తేనే ఆ పేలుడులో ఉన్న వెటకారం అర్థమవుతుంది. 1977లో లంబోర్గినీ జెనీవా మోటార్ షోలో చీతా అనే బండిని చూపించింది. అది అమెరికా సైన్యానికి అమ్ముదామన్న ఆశతో తయారుచేసింది. ఇంజన్ వెనకాల ఉంటుంది, ఎడారిలో దూసుకెళ్లాలి, అదీ ప్లాన్. కానీ ఇంజన్ వెనక పెట్టడం వల్ల హ్యాండ్లింగ్ కుదరలేదు. సైన్యం కూడా వద్దంది. చివరికి ఆ కాంట్రాక్టు 1983లో హమ్వీ తయారుచేసే ఏఎం జనరల్ కంపెనీకి పోయింది. లంబోర్గినీ వాళ్లు ఊరుకోలేదు. ఇంజన్‌ని ముందుకు తెచ్చారు, కౌంటాక్ స్పోర్ట్స్ కారులో ఉండే 5.2 లీటర్ల వీ12ని దీనికి బిగించి 1986లో ఎల్ఎం002 పేరుతో మార్కెట్‌లోకి వదిలారు. బరువు 2,700 కిలోల దాకా. ట్యాంకు ఎంతో తెలుసా? 290 లీటర్లు! మన మామూలు కారులో 40, 45 లీటర్లు పడతాయి. ఇసుకలో నడవడానికి పిరెల్లీ వాళ్లు దీనికోసం ప్రత్యేకంగా టైర్లు చేసిచ్చారు. లోపల చూస్తే లెదర్, ఏసీ, మ్యూజిక్. అంటే సైన్యం కోసం పుట్టి, సైన్యం కాదంటే, షేకుల ఇంటికి పోయిన బండి. మొత్తం మీద 300 చిల్లర తయారయ్యాయి, అంతే.

ఇప్పుడు వెటకారం చూడండి. ఏ సైన్యమైతే ఈ బండిని వద్దందో, అదే సైన్యం పాతికేళ్ల తర్వాత దీన్ని ఒక టెస్ట్ శాంపిల్‌లా పేల్చేసింది. ఈ రోజు మంచి కండిషన్‌లో ఉన్న ఎల్ఎం002 వేలంలో 3 లక్షల డాలర్లు దాటి పోతోంది. లంబోర్గినీ 2017 చివర్లో ఊరస్ తెచ్చినప్పుడు "మా తాతగారు ఎల్ఎం002" అన్నట్టే ప్రచారం చేసుకుంది. ఆ సైనికులకు తెలిసే చేశారా, తెలియక చేశారా అన్నది నాకు పెద్ద విషయం కాదు. యుద్ధంలో ఒక వస్తువుకి ఉన్న రేటు మొత్తం ఎగిరిపోతుంది, అది ఇనుప డబ్బా అయిపోతుంది. నాకు నచ్చిన పాయింట్ అది.

సరే, ఇది ఒక్క బండి. ఇప్పుడు వేల బండ్ల సంగతి.

మనం కొనే ఇంపోర్టెడ్ కార్లు, ఎస్‌యూవీలు సముద్రం మీద ఎలా వస్తాయి? కంటైనర్లలో కొన్ని వస్తాయి గానీ, ఎక్కువగా రో-రో షిప్పుల్లో వస్తాయి. రోల్ ఆన్, రోల్ ఆఫ్. అంటే డ్రైవ్ చేసుకుంటూ లోపలికి ఎక్కిస్తారు, అవతలి పోర్టులో డ్రైవ్ చేసుకుంటూ దించుతారు. షిప్పు లోపల పది, పన్నెండు అంతస్తుల పార్కింగ్ ఉన్న మాల్ లాగా ఉంటుంది. బండికీ బండికీ మధ్య మనిషి దూరేంత సందు కూడా సరిగ్గా ఉండదు.

2022 ఫిబ్రవరిలో ఫెలిసిటీ ఏస్ అనే షిప్పు జర్మనీలోని ఎమ్డెన్ నుంచి అమెరికాకి బయల్దేరింది. లోపల ఫోక్స్‌వ్యాగన్ గ్రూపుకి చెందిన దాదాపు 4,000 బండ్లు. పోర్షాలు, ఆడీలు, బెంట్లీలు, లంబోర్గినీ ఊరస్‌లు, అన్నీ ఉన్నాయి. ఫిబ్రవరి 16న పోర్చుగల్‌కి చెందిన అజోర్స్ దీవుల దగ్గర మంటలు అంటుకున్నాయి. 22 మంది సిబ్బందినీ క్షేమంగా దించేశారు, అది సంతోషం. షిప్పు మాత్రం రోజుల తరబడి కాలింది. టోయింగ్ చేస్తుండగా మార్చి 1న ఒరిగి మునిగిపోయింది. అక్కడ లోతు సుమారు 3 కిలోమీటర్లు. అంటే ఆ బెంట్లీలు, ఆ ఊరస్‌లు ఇప్పటికీ అట్లాంటిక్ అడుగున ఉన్నాయి. ఎవరూ తీయరు, తీయలేరు. ఒక చిన్న సంగతి కూడా ఉంది. లంబోర్గినీ అప్పటికే తయారీ ముగించేద్దాం అనుకున్న అవెంటడోర్ అల్టిమే కార్లు 15 ఆ షిప్పులో ఉన్నాయి. కస్టమర్లకు మాట ఇచ్చారు కాబట్టి మళ్లీ లైన్ తెరిచి ఆ 15 తయారుచేశారు.

మరుసటి ఏడాది, 2023 జులైలో, నెదర్లాండ్స్ తీరంలో ఫ్రీమాంటిల్ హైవే అనే మరో షిప్పు కాలింది. అందులో 3,784 బండ్లు, వాటిలో దాదాపు 500 ఎలక్ట్రిక్. అక్కడ మాత్రం అందరూ బతకలేదు. మంటల నుంచి తప్పించుకోవడానికి కొందరు నేరుగా సముద్రంలోకి దూకేశారు. చనిపోయిన వ్యక్తి మన భారతీయ నావికుడు. కార్ల వార్తల్లో ఎప్పుడూ "ఇన్ని కోట్ల బండ్లు బూడిద" అని హెడ్‌లైన్ పెడతారు, మనిషి మాత్రం మూడో పేరాలో వస్తాడు. నాకు అది నచ్చదు, అందుకే ఇక్కడ చెబుతున్నా. షిప్పుని ఒడ్డుకి తెచ్చి చూస్తే కింది అంతస్తుల్లో ఉన్న సుమారు 1,000 కార్లు బాగానే ఉన్నాయి.

బాగానే ఉంటే ఏం చేస్తారు? అమ్మేస్తారా? ఇక్కడే అసలు ప్రశ్న. దీనికి 2006లో జరిగిన కూగర్ ఏస్ కథ చెప్పాలి. జపాన్ నుంచి అమెరికా వెళ్తున్న ఆ షిప్పులో 4,703 కొత్త మాజ్దా కార్లున్నాయి, అందులో సీఎక్స్-7 ఎస్‌యూవీలే వెయ్యికి పైన. అలాస్కా దగ్గర బ్యాలస్ట్ నీళ్లు మారుస్తుండగా షిప్పు 60 డిగ్రీలు పక్కకి ఒరిగిపోయింది. మునగలేదు. అలాగే వారాలపాటు ఒరిగి ఉంది. లోపల బండ్లన్నీ పట్టీలతో కట్టేసి ఉన్నాయి కాబట్టి చాలా బండ్లకు ఒక్క గీత కూడా పడలేదు. మాజ్దా ఏం చేసిందంటే, అన్నిటినీ తుక్కు చేసేసింది. ప్రతి బండిలో ఎయిర్‌బ్యాగులు పేల్చేసి, టైర్లు, చక్రాలు పనికిరాకుండా చేసి, చివరికి క్రషర్‌లో వేసింది.

వినగానే "అయ్యో పాపం, డిస్కౌంట్‌లో మాకిచ్చినా పోయేది కదా" అనిపిస్తుంది. కానీ కంపెనీ వైపు నుంచి ఆలోచించండి. బండి 60 డిగ్రీలు ఒరిగి వారాలపాటు ఉంటే ఇంజన్ ఆయిల్ ఎక్కడికి పోయిందో, బ్యాటరీ యాసిడ్ ఎక్కడ కారిందో తెలియదు. ఎయిర్‌బ్యాగ్ ఐదేళ్ల తర్వాత తెరుచుకోవాల్సిన క్షణంలో తెరుచుకోకపోతే? 4,703 బండ్లకు ఒక్కో పార్టు విప్పి పరీక్షించడం, తర్వాత వారంటీ ఇవ్వడం, తర్వాత కోర్టు కేసులు ఎదుర్కోవడం, వీటికంటే ఇన్సూరెన్స్ తీసుకుని తుక్కు చేయడమే చవక. మరి ఎయిర్‌బ్యాగులు ఎందుకు పేల్చడం? ఆ పార్టులు దొంగచాటుగా బయటి మార్కెట్‌కి వచ్చి ఇంకెవరి బండిలోనో చేరకుండా. ఈ ఒక్క పాయింట్ గుర్తుపెట్టుకోండి, చివర్లో మనకి పనికొస్తుంది. ఆ కంపెనీ గీత పడని బండిని కూడా నమ్మలేదు.

షిప్పుల్లో ఇంకొకటి. లగ్జరీ అనలేం, ఎక్కువగా కియా, హ్యుండాయ్ బండ్లు. కానీ నేను బీటెక్ చదివి నాలుగేళ్లు కోడ్ రాసినవాణ్ని కాబట్టి ఇది చెప్పకుండా ఉండలేను. 2019 సెప్టెంబర్ 8న అమెరికాలో జార్జియా రాష్ట్రం బ్రన్స్‌విక్ పోర్టు నుంచి గోల్డెన్ రే అనే షిప్పు 4,161 బండ్లతో బయల్దేరింది. ఒక మలుపు తిరిగింది, అంతే, పక్కకి పడిపోయింది. తుఫాను లేదు, ఢీకొన్నది ఏమీ లేదు. ఇంజన్ రూమ్‌లో చిక్కుకున్న నలుగురిని షిప్పు పొట్టకి రంధ్రం చేసి మరుసటిరోజు బయటికి తీశారు.

కారణం ఏంటో తెలుసా? ఘాట్ రోడ్డులో బస్సు టాప్ మీద లోడు ఎక్కువేసి, లోపల జనం లేకుండా మలుపు తిప్పితే ఏమవుతుంది? ఒరిగిపోతుంది. కార్లు మోసే షిప్పు కూడా అంతే, పైకి ఎత్తుగా డబ్బాలా ఉంటుంది. అందుకే అడుగున ట్యాంకుల్లో నీళ్లు నింపి బరువు కిందికి దించుతారు. దాన్నే బ్యాలస్ట్ అంటారు. ఎంత నీళ్లు ఉంటే షిప్పు నిలబడుతుందో లెక్కగట్టడానికి ఒక సాఫ్ట్‌వేర్ ఉంటుంది. అమెరికా రవాణా భద్రతా సంస్థ ఎన్‌టీఎస్‌బీ దర్యాప్తులో తేలింది ఏంటంటే, చీఫ్ ఆఫీసర్ ఆ సాఫ్ట్‌వేర్‌లో బ్యాలస్ట్ అంకెలు తప్పు ఎంటర్ చేశాడు. స్క్రీన్ మీద అంతా ఓకే. నిజంగా చూస్తే షిప్పుకి నిలబడే శక్తి లేదు. ఒక డేటా ఎంట్రీ పొరపాటుకి నష్టం, షిప్పు 6 కోట్ల 25 లక్షల డాలర్లు, సరుకు 14 కోట్ల 20 లక్షల డాలర్లు. తర్వాత ఆ షిప్పుని భారీ గొలుసుతో 8 ముక్కలుగా కోసి తీశారు. కోస్తుంటే లోపల్నుంచి బండ్లు బిస్కెట్ల ప్యాకెట్ చింపినట్టు కనబడ్డాయి. పూర్తిగా క్లీన్ చేయడానికి 2021 అక్టోబర్ దాకా పట్టింది.

ఇప్పుడు కావాలని చంపేసిన బండ్లు. ఫిలిప్పీన్స్‌లో 2018 ఫిబ్రవరి 6న అప్పటి అధ్యక్షుడు రోడ్రిగో దుతెర్తే దగ్గరుండి లెక్సస్, బీఎండబ్ల్యూ, బెంజ్, ఆడీ, జాగ్వార్ బండ్ల మీదికి బుల్డోజర్ ఎక్కించాడు. అన్నీ స్మగ్లింగ్‌లో దొరికినవి. అదే ఏడాది జులైలో మరో 68 కార్లు, 8 బైకులు, వాటి విలువ సుమారు 55 లక్షల డాలర్లు. వేలం వేసి ఆ డబ్బుతో ఆసుపత్రి కట్టొచ్చు కదా అని ఎవరైనా అడుగుతారు. నేనూ అదే అనుకున్నా. కానీ వేలంలో ఒక లొసుగు ఉంది. స్మగ్లర్ బండి తెస్తాడు, పట్టుబడుతుంది, ప్రభుత్వం వేలం వేస్తుంది, అదే స్మగ్లర్ బినామీ పేరుతో తక్కువ రేటుకి కొంటాడు. ఇప్పుడు బండి అదే, కానీ కాగితాలు ప్రభుత్వమే ఇచ్చింది! సుంకం ఎగ్గొట్టి, పైగా సక్రమం చేసుకున్నట్టు. బుల్డోజర్ చూడ్డానికి సినిమా సీన్ లాగా ఉంటుంది గానీ, ఆ లొసుగుకి అది సూటి జవాబు. అయినా కెమెరాలు పెట్టి మరీ చేయడంలో ప్రచారం పాళ్లు ఎక్కువే అని నా అభిప్రాయం.

ఇక దొంగతనాలు. ఇది నాకు బాగా ఇష్టమైన భాగం, ఎందుకంటే ఇక్కడ బండి తాళం పగలదు, నెట్‌వర్క్ పగులుతుంది.

కెనడాలో 2022లో లక్షా 5 వేలకు పైగా వాహనాలు దొంగతనానికి గురయ్యాయి. ఆ దేశ న్యాయశాఖ మంత్రికి ప్రభుత్వం ఇచ్చే టొయోటా హైల్యాండర్లే వేర్వేరు సందర్భాల్లో 3 సార్లు పోయాయి. మంత్రి బండికే దిక్కులేదంటే చూడండి. టొరంటో చుట్టుపక్కల, బ్రాంప్టన్, మిస్సిసాగాలో ఉండే మన తెలుగువాళ్లని అడగండి, ఇంటి ముందు బండి పెట్టి నిద్రపోవాలంటే భయం అంటారు. రాత్రి మాయమైన లెక్సస్ లేదా రేంజ్ రోవర్ కంటైనర్‌లోకి పోతుంది, కాగితాల మీద వేరే సరుకు పేరు ఉంటుంది, మాంట్రియల్ పోర్టు నుంచి ఓడ ఎక్కి పశ్చిమ ఆఫ్రికాలోనో గల్ఫ్‌లోనో తేలుతుంది. లోపల దాచిన ట్రాకర్‌లో తన బండి సముద్రం దాటడం ఓనర్ ఫోన్‌లో చూస్తూ కూర్చున్న సందర్భాలున్నాయి.

ఎలా దొంగిలిస్తారు? పాత పద్ధతి రిలే. కీ మీ ఇంట్లో టేబుల్ మీద ఉంటుంది. ఒకడు గోడ పక్కన యాంటెన్నా పట్టుకుని కీ సిగ్నల్ పట్టి, బండి దగ్గర ఉన్న రెండోవాడికి పంపుతాడు. కీ దగ్గరే ఉందనుకుని బండి తలుపు తీస్తుంది. దీనికి విరుగుడు సులువు, కీని సిగ్నల్ దాటని ఫారడే పౌచ్‌లో పెట్టుకోవడమే.

కొత్త పద్ధతి వేరు. 2022లో లండన్‌లో ఇయాన్ టేబర్ అనే ఆటోమోటివ్ సెక్యూరిటీ పరిశోధకుడి టొయోటా రావ్4 పోయింది. దొంగలు ఎంచుకోవాల్సిన మనిషి కాదు! పోవడానికి ముందు రెండుసార్లు ఎవరో ముందు బంపర్ లాగి, హెడ్‌లైట్ వైరు పీకి ఉంచారు. ఏదో ఆకతాయి పని అనుకున్నాడు. తర్వాత కెన్ టిండెల్ అనే మరో నిపుణుడితో కలిసి తవ్వితే అసలు సంగతి బయటపడింది. 2023లో టిండెల్ దాన్ని ప్రచురించాడు.

విషయం ఏంటంటే, బండిలో ఇంజన్, బ్రేకు, తలుపులు, లైట్లు అన్నిటికీ చిన్న చిన్న కంప్యూటర్లు ఉంటాయి. అవి మాట్లాడుకునే వైరుని క్యాన్ బస్ అంటారు. 1986లో బాష్ కంపెనీ బయటపెట్టింది. అప్పట్లో హ్యాకింగ్ ఎవరి ఊహలోనూ లేదు. దాన్ని మన ఊరి గుడి మైకు అనుకోండి. మైకులో ఒక మాట వస్తే ఊరంతా వింటుంది, నమ్ముతుంది. మాట్లాడింది పూజారా, సర్పంచా, దారినపోయేవాడా అని ఎవరూ వెళ్లి చూడరు. క్యాన్ బస్ కూడా అంతే. మెసేజ్ వస్తుంది, ఎవరు పంపారో రుజువు ఉండదు. ఇప్పటి హెడ్‌లైట్లు స్మార్ట్ కాబట్టి ఆ బస్ వైరు హెడ్‌లైట్ దాకా వస్తుంది, అంటే బండి బయటికి. దొంగ ఆ కనెక్టర్‌కి తన పరికరం తగిలించి మైకులో ఒక్క మాట అంటాడు, "కీ సరైనదే". ఇమ్మొబిలైజర్ వదిలేస్తుంది. తర్వాత "తలుపు తీయి" అంటాడు. తీస్తుంది. ఇక ఫారడే పౌచ్ కాదు కదా, కీని బ్యాంక్ లాకర్‌లో పెట్టినా లాభం లేదు, ఎందుకంటే కీతో పనే లేదు. ఆ పరికరం బయటికి చూస్తే మామూలు బ్లూటూత్ స్పీకర్! లోపల పది డాలర్ల సామాను, అమ్మేది వేల యూరోలకి.

దీనికి శాశ్వత పరిష్కారం మెసేజ్‌లకి సంతకం పెట్టించడం, అంటే క్రిప్టోగ్రఫీ. కొత్త బండ్లలో వస్తోంది. పాత బండ్ల ఓనర్లు మాత్రం స్టీరింగ్‌కి ఇనుప లాక్ వేసుకుంటున్నారు. కోటి రూపాయల బండికి మా తాత స్కూటర్‌కి వేసిన గొలుసు లాంటిదే దిక్కు. బ్రిటన్‌లో రేంజ్ రోవర్‌కి ఇన్సూరెన్స్ దొరకడమే కష్టమైపోయిన రోజులున్నాయి. ఆ కంపెనీ 2008 నుంచి మన టాటాలదే కాబట్టి, ఈ తలనొప్పి బొంబాయి దాకా వచ్చింది. పాత బండ్ల సెక్యూరిటీ అప్‌డేట్ చేయడానికే కోటి పౌండ్లకు పైగా పెట్టాల్సి వచ్చింది.

మధ్యలో ఒక మంచిమాట. అన్ని ఎస్‌యూవీలూ ఇలా దిక్కుమాలి పోలేదు. కోవిడ్ రోజుల్లో ముంబై మలాడ్‌లో ఒక యువకుడు తన ఫోర్డ్ ఎండీవర్‌ని ముందు అంబులెన్స్‌లా నడిపాడు. ఆక్సిజన్ అందక తెలిసినవాళ్ల ఇంట్లో ఒక ప్రాణం పోవడం చూసి, ఆ 22 లక్షల బండిని అమ్మేసి 160 సిలిండర్లు కొని జనానికి ఇచ్చాడు. నేను చదివినవాటిలో ఏ ఎస్‌యూవీకీ ఇంత మంచి చావు రాలేదు.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. ఇది వినోదం కాదు, మీ జేబు సంగతి.

ఢిల్లీలో 10 ఏళ్లు దాటిన డీజిల్ బండి, 15 ఏళ్లు దాటిన పెట్రోల్ బండి రోడ్డెక్కకూడదన్న రూల్ పెట్టారు. 2015లో జాతీయ హరిత ట్రైబ్యునల్ డీజిల్ గురించి చెప్పింది, 2018లో సుప్రీంకోర్టు సమర్థించింది. 2025 జులై 1 నుంచి ఇలాంటి బండ్లకు బంకుల్లో పెట్రోల్, డీజిల్ పోయకూడదని, కెమెరాలతో నంబర్ ప్లేట్ చదివి పట్టుకుంటామని మొదలుపెట్టారు. అప్పుడే ఒక ఓనర్ కథ దేశమంతా తిరిగింది. 2015లో 84 లక్షలకి కొన్న మెర్సిడెస్ ఎంఎల్350ని రెండున్నర లక్షలకి అమ్ముకున్నాడు. వందకి 3 రూపాయలు! బండి బాగానే నడుస్తోంది, తిరిగింది లక్షా 35 వేల కిలోమీటర్లే. లగ్జరీ ఎస్‌యూవీలు అప్పట్లో ఎక్కువగా డీజిల్‌వే కాబట్టి దెబ్బ వీటికే గట్టిగా తగిలింది. గొడవ పెద్దదై కొద్దిరోజుల్లోనే ఆ రూల్ ఆపారు. ఆగస్టు 12న సుప్రీంకోర్టు కేవలం వయసు చూసి ఓనర్ల మీద చర్యలు తీసుకోవద్దంది. ఇది కోర్టులో నడిచే వ్యవహారం, ఆర్డర్లు మారుతుంటాయి, లేటెస్ట్ ఏంటో మీరే చూసుకోండి.

ఆ బండ్లు ఎక్కడికి పోతాయి? అన్నీ తుక్కుకి పోవు. ఎన్‌వోసీ తీసుకుని వేరే రాష్ట్రాలకి వస్తాయి. హైదరాబాద్, విజయవాడ, బెంగళూరు. మన సెకండ్ హ్యాండ్ మార్కెట్‌లో "ఢిల్లీ బండి" అంటే అందరికీ తెలిసిన మాటే.

మా బాబాయ్ కొడుకు ఖమ్మంలో ఉంటాడు. ఈమధ్య ఫోన్ చేసి, "అన్నా, తొమ్మిది లక్షలకి ఆడీ క్యూ7 వస్తోందే. క్రెటా రేటు కూడా కాదు. పర్సనల్ లోన్ మాట్లాడేశా, అడ్వాన్స్ ఇచ్చేయనా?" అన్నాడు. వాడికి పెళ్లి కుదిరింది, ఊళ్లో ఆ బండి దిగాలని ఆశ. తప్పేం లేదు. నేను వాడికి చెప్పిందే మీకూ చెబుతున్నా.

తొమ్మిది లక్షలు బండి రేటు కాదు, టికెట్ రేటు. ఢిల్లీ నుంచి ఫారం 28తో ఎన్‌వోసీ రావాలి. ఇక్కడ రీ-రిజిస్ట్రేషన్‌కి లైఫ్ ట్యాక్స్ కట్టాలి. అది మీరు కొన్న రేటు మీద కాదు, బండి కొత్తప్పటి ధర, దాని వయసు చూసి లెక్కేస్తారు. కాబట్టి లక్షల్లో పడుతుంది. ఢిల్లీ నంబర్‌తోనే తిప్పేద్దాం అంటే, వేరే రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే కొత్త నంబర్ తప్పనిసరి. ఆ తర్వాత ఎయిర్ సస్పెన్షన్. గాలి బెలూన్ల మీద నిలబడే బండి అది, రబ్బరు ముసలిదైతే గాలి కారుతుంది. రాత్రి పెట్టి పొద్దున చూస్తే ఒక మూల కుంగి ఉంటే అర్థం చేసుకోండి. పార్టులు ఖర్చు మామూలు బండిలా వేలల్లో ఉండదు. ఆ 3 లీటర్ల డీజిల్ ఇంజన్‌లో టైమింగ్ చైన్ గేర్‌బాక్స్ వైపు ఉంటుంది, దాని పని పడితే ఇంజనే దించాలి.

ఇంతకంటే భయపడాల్సింది వరద బండి. 2022 సెప్టెంబర్‌లో బెంగళూరు విల్లాల్లో లగ్జరీ కార్లు మునగడం టీవీలో చూశాం. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడలో వేల బండ్లు మునిగాయి. రిపేర్ ఖర్చు బండి ఇన్సూర్డ్ విలువలో 75 శాతం దాటితే ఇన్సూరెన్స్ కంపెనీ టోటల్ లాస్ అంటుంది, డబ్బు ఓనర్‌కి ఇచ్చి, ఆ మునిగిన బండిని సాల్వేజ్‌గా వేలం వేస్తుంది. ఇక్కడ మాజ్దా గుర్తొచ్చిందా? అక్కడ ఎయిర్‌బ్యాగులు పేల్చి క్రషర్‌లో వేశారు. ఇక్కడ చాలా బండ్లు క్రషర్‌కి పోవు. కడిగి, పాలిష్ కొట్టి, సెంటు చల్లి, వేరే ఊళ్లో "సింగిల్ ఓనర్, డాక్టర్ గారి బండి" అని నిలబెడతారు. ఇంకా ఘోరం, ఆ సాల్వేజ్ బండి ఆర్‌సీ, ఛాసిస్ నంబర్ దొంగ బండికి ఎక్కించడం కూడా ఉంది.

మావాడితో వీడియో కాల్‌లో ఉండి చేయించినవి ఇవే. సీట్ బెల్టు మామూలుగా లాగి వదిలేయకుండా, పూర్తిగా చివరిదాకా లాగమన్నా. అందరూ సీట్లు కడుగుతారు, బెల్టు లోపల చుట్టలో ఉన్న భాగం ఎవరూ కడగరు. అక్కడ బురద గీత ఉంటే నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయో అదే చెబుతుంది. సీటు పట్టాల కింద తుప్పు చూడమన్నా. ఇన్సూరెన్స్ పాలసీలో నో క్లెయిమ్ బోనస్ సున్నా ఉంటే, ఏ క్లెయిమ్ అయిందో అడగమన్నా. ఛాసిస్ నంబర్ తీసుకుని కంపెనీ సర్వీస్ సెంటర్‌లో హిస్టరీ అడగమన్నా, పరివాహన్ యాప్‌లో ఆర్‌సీ మీద లోన్ ఉందేమో చూడమన్నా.

బెల్టు లాగాడు. చివరి అడుగు దగ్గర లేత గోధుమరంగు గీత, గోరుతో గీకితే పొడి రాలింది. యార్డ్ ఆయన్ని అడిగితే "అది దుమ్ము సార్, ఇంకో పార్టీ సాయంత్రం అడ్వాన్స్ ఇస్తున్నారు, మీ ఇష్టం" అన్నాడట. మావాడు లేచి వచ్చేశాడు. నెలన్నర అయింది. మొన్న అదే యార్డ్ నుంచి ఫోన్, ఆరున్నరకి ఇస్తాం రమ్మని.